కార్డు మీది తారీఖులు తప్పొద్దు బిడ్డా

బిడ్డా, నిన్న రాత్రి నువ్వు పంపిన ఫొటోలు చూసిన, కుక్కపిల్ల మంచిగుంది, పక్కన పిల్లికూనను గూడ చూసిన, చిన్నోడు రెంటినీ ఒళ్లో పెట్టుకొని కూసున్నడు. "పెద్దనాయినా, కుక్కపిల్లకు టీకా సూది వేయించినం, ఇగ అయిపోయినట్టేనా" అని అడిగినవ్ గదా. అయిపోలేదు. ఫోన్ల చెప్తే సగం యాదికుండది, అందుకే కూసొని రాస్తున్న. నల్లగొండ జిల్లాల పశువుల దవాఖానల్ల 30 ఏండ్లు కాంపౌండర్‌గ చేసినోన్ని, ఈ ఒక్క ముచ్చట మాత్రం నా మాట ఇను.

ఒక్క సూదితోని ఎందుకు అయిపోదో ముందు తెల్సుకో. పిల్ల పుట్టంగనే తాగే ముర్రుపాలల్ల తల్లి ఒంట్ల ఉన్న శక్తి పిల్లకు దిగుతది, కొన్ని వారాలు అదే కాపలా ఉంటది. కానీ అదే కాపలా మనం వేసే టీకాను గూడ రోగమే అనుకొని లోపలికి రానియ్యదు. అది ఒక పిల్లల 8 వారాలకే తగ్గుతది, ఇంకో పిల్లల 14 వారాలు దాటినా ఉంటది, పైకెల్లి చూస్తే మనకు తెల్వదు. అందుకే 6-8 వారాలకు మొదలువెట్టి 3-4 వారాలకు ఒకటి చొప్పున 16 వారాలు నిండేదాంక వేసుకుంట పోతం, ఏదో ఒకటి పట్టుకుంటదని. 16 వారాలకు వేసే ఆఖరి సూదే అన్నిటికంటె ముఖ్యం, జనం ఎగ్గొట్టేది గూడ దాన్నే.

రాజుగాని సంగతి నీకు చెప్పలేదు, అప్పటికి నువ్వు చిన్నపిల్లవు. 2003ల మనింట్ల రాజుగాడని ఒక తెల్ల కుక్కపిల్ల ఉండె, మొదటి సూది నా చేతులతోనే వేసిన. రెండోది వేసే తారీఖుకు మీ మేనత్త పెండ్లి పనులల్ల పడ్డం, వచ్చే వారం వచ్చే వారం అనుకుంటనే నెల దాటింది. ఒకరోజు పొద్దుగాల గిన్నెల పాలు అట్లనే ఉన్నయ్, పిల్ల మూలకు పోయి పండుకుంది, మధ్యాహ్నంకల్లా వాంతులు, సాయంత్రంకు నెత్తుటి విరేచనాలు, ఆ వాసన ఒక్కసారి చూసినోడు జన్మల మర్వడు. అది పార్వో అనే వైరస్ రోగం. సెలైన్ పెట్టినం, రాత్రంత పక్కన్నే కూసున్న, మూడో రోజు పోయింది. నా దవాఖానల ఫ్రిజ్‌లనే ఆ టీకా ఉండె బిడ్డా. ఇప్పటికీ ఎవరన్న "ఒకటి వేయించినం గదా సార్" అంటే నాకు ఆ గిన్నె, ఆ పాలే కండ్లల్ల మెదుల్తయ్.

ఈ పార్వో వైరస్ మట్టిల నెలల తరబడి బతుకుతది, ఏడాది గూడ ఉంటది. కుక్క కుక్కను తాకాల్సిన పని లేదు, అల్లుడు బజారుకు పోయొచ్చిన చెప్పులతోని గూడ ఇంట్లకొస్తది. అందుకని ఆఖరి సూది పడి రెండు వారాలు అయ్యేదాంక పిల్లను వీధిల దించకు, చెప్పులు గేటు కాడనే ఇడవమను. ఫినాయిల్‌తోని కడిగితే పార్వో చావదు, పైగ ఫినాయిల్ పిల్లికి విషం. లీటర్ నీళ్లల్ల 30 ఎంఎల్ లిక్విడ్ బ్లీచ్ కలిపి, నేల తుడిచి పది నిమిషాలు ఉంచి మల్ల మంచినీళ్లతోని కడుగు, అప్పటిదాంక రెంటినీ వేరే రూంల ఉంచు.

మీకు వేసింది సెవెన్ ఇన్ వనో నైన్ ఇన్ వనో కార్డు మీద ఉంటది చూడు. దాంట్ల పార్వో, డిస్టెంపర్, కుక్కలకొచ్చే హెపటైటిస్, లెప్టో ఇట్ల కొన్ని కలిసి ఉంటయ్. డిస్టెంపర్ అంటే మొదలు కండ్లల్ల పుసి, ముక్కు కారుడు, దగ్గు, తర్వాత నరాలకు ఎక్కి దవడలు ఊకె నములుతున్నట్టు కొట్టుకుంటయ్, బతికినా కొన్నిట్ల ఫిట్స్ పోవు. లెప్టో ఎలుకల మూత్రంతోని వస్తది, మిర్యాలగూడ దిక్కు వరిపొలాల్ల, కాలువల కాడ తిరిగే కుక్కలకు వానకాలంల ఎక్కువ, మనుషులకు గూడ అంటుతది. గోమార్లతోని వచ్చే జ్వరానికి మాత్రం ఈ సూదులల్ల ఏదీ పనికిరాదు, గోమార్లను ఏరిపడేసుడు, మందు వేసుడు, అది వేరే పని.

ఇంకొకటి, ఎండల సంగతి. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యల ఉండాలె, గడ్డకట్టినా పాడే, వేడెక్కినా పాడే. మన పాలమూరు ఎండల అంగి జేబుల సీసా పెట్టుకొని వచ్చి ఇంటికాడ సూది గుచ్చిపోయేటోళ్లను నేను చూసిన, ఆ సూదికి నీళ్లకు తేడా లేదు. మేం ఊర్లకు పోయేటప్పుడు ఐస్ వేసిన డబ్బాల పెట్టుకొని మూత పదిసార్లు తియ్యకుంట పోయేటోళ్లం. నువ్వు దవాఖానకే పో, నీ ముంగటనే ఫ్రిజ్‌లకెల్లి తియ్యమను, చిన్న సీసాల పొడి ఉంటది, ఇంకో సీసాల మందు ఉంటది, రెండూ అప్పటికప్పుడు కలిపి వేస్తరు. సీసా మీది స్టిక్కర్ పీకి కార్డు మీద అంటియ్యమను, తారీఖు, సంతకం పడాలె. అడిగితే ఏమనుకుంటరో అని మొహమాటపడకు, నన్ను అట్ల అడిగినోళ్లంటే నాకు గౌరవమే ఉండె.

రేబిస్ సూది వేరే, అది 3 నెలలు నిండినంక, తర్వాత డాక్టర్ చెప్పినట్టు బూస్టర్, ఆ మీద ఏటా. 1885 జులై 6న పారిస్‌ల లూయీ పాశ్చర్ కుక్క కరిచిన 9 ఏండ్ల పిల్లగానికి మొదటిసారి ఈ టీకా ఇచ్చిండు, అందుకే జులై 6న జూనోసిస్ దినం, అంటే జంతువులకెల్లి మనుషులకు అంటుకునే రోగాల దినం అని మన సర్కారు పశువుల దవాఖానల్ల చాలా చోట్ల రేబిస్ సూది ఉచితంగ వేస్తరు. ఈసారి అప్పటిదాంక ఆగకు, వచ్చే ఏటి సంది ఆరోజే పెట్టుకో, వీలైతే మీ గల్లీల కుక్కలకు గూడ వేయించు. చిన్నోనికి పన్ను గీరినా సరే, టీకా వేసిన కుక్కే గదా అని ఇడిసిపెట్టకు, నల్లా కింద పెట్టి సబ్బుతోని 15 నిమిషాలు కడిగి సీదా దవాఖానకు పో. కారం, సున్నం, పసరు ఏదీ పెట్టనియ్యకు, మీ అత్త చెప్పినా సరే. బొడ్డు చుట్టూ 14 సూదులు అనే భయం పాతకాలం ముచ్చట, ఇప్పుడు చేతికే వేస్తరు. రోగం బయటపడ్డంక మాత్రం మందు లేదు బిడ్డా.

పిల్లి ఇంట్లనే ఉంటది గదా అని దాన్ని మర్వకు. దానికి ట్రైక్యాట్ అని మూడు రోగాల సూది, 8 వారాలకు మొదలు, దానికి గూడ 16 వారాలదాంక, 3 నెలలకు రేబిస్. పిల్లులకు పార్వో లాంటిదే ఒకటుంది, అంతే జల్ది తీస్కపోతది. బుట్ట లేకపోతే దిండు గలీబుల పెట్టి తల బయటికి ఉంచి తీస్కపో, చేతుల మీద మాత్రం వద్దు, కుక్కను చూసి దుంకిందంటే దొరకదు.

సూదికి వారం ముందు రెంటికీ నట్టల మందు తాపియ్యి. విరేచనాలు, జ్వరం ఉన్నరోజు వేయించకు, తగ్గినంకనే. వేసినంక అరగంట దవాఖాన కాడనే కూసో, మూతి ఉబ్బినా, వాంతి అయినా వెంటనే చెప్పు. ఆ రాత్రి కొంచెం నీరసంగ పండుకుంటయ్, ఒళ్లు వెచ్చగుంటది, అది మామూలే, ఒకట్రెండు రోజులల్ల పోతది. దానికని మనం వేసుకునే పారాసిటమాల్ గోలి ఎన్నడూ వెయ్యకు, పిల్లికి అర గోలి చాలు పానం తీయనీకి.

కుక్కపిల్లకు మొదటిది ఏప్రిల్ 12న, 8 వారాలకు పడ్డదన్నవ్, అట్లయితే రెండోది మే 10, మూడోది జూన్ 7, రేబిస్ మే మూడో వారంల, ఏడాదికి మల్లొక బూస్టర్. క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతోని చుట్టు, ఫోన్ల అలారం గూడ పెట్టు. మే 10న ఇంట్ల ఏ పని ఉన్నా, పొద్దుగాల 9 కల్లా దవాఖానల ఉండు, ఎండ ముదరకముందు. స్టిక్కర్ అంటిచ్చిన కార్డు ఫొటో నాకు పంపు, ఆరోజు ఫోన్ చేతులనే పెట్టుకొని ఉంట.

మీ పెద్దనాయిన