క్లోరిన్ నీళ్లు, పిల్లల జలుబు: బోరు నీళ్లకు మారకండి

అండీ, కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన వల్లే పాపకు ఇమ్యూనిటీ తగ్గి మాటిమాటికీ జలుబు చేస్తోందేమో, బోరు నీళ్లకు మారాలా అని అడిగారు కదా. దయచేసి మారకండి. శుద్ధి చేయని నీళ్లతో వచ్చే విరేచనాలు, టైఫాయిడ్ పాపకు చాలా పెద్ద ప్రమాదం.

మీ భయం ఊరికే పుట్టింది కాదు. నీళ్లలోని కుళ్లిన ఆకులు, నాచు లాంటి సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిస్తే క్లోరోఫాం, హాలోఅసిటిక్ ఆమ్లాలు తయారవుతాయి. వీటిలో డైబ్రోమోఅసిటిక్ ఆమ్లాన్ని ఎలుకలకు ఎక్కువ మోతాదులో ఇస్తే రోగనిరోధక కణాలు పెరిగే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది. కానీ ఆ మోతాదు కుళాయి నీళ్లలో ఉండేదానికి ఎన్నో రెట్లు. మనుషుల్లో వీటితో ఎక్కువగా కనిపించిన సంబంధం మూత్రాశయ క్యాన్సర్‌తో, అదీ ఏళ్ల తరబడి తాగితే. జలుబుతో కాదు. చిన్నపిల్లలకు ఏడాదికి 6 నుంచి 8 సార్లు జలుబు రావడం మామూలే.

మూత తీసి కిటికీ దగ్గర 5 నిమిషాలు మరిగిస్తే క్లోరోఫాం చాలావరకు ఎగిరిపోతుంది, ఆమ్లాలు మాత్రం పూర్తిగా పోవు. వాటికి యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ పెట్టించి, కాట్రిడ్జ్ టైముకి మార్చండి. ఫిల్టర్ అయిన నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి ఏ రోజువి ఆ రోజే వాడేయండి. పాపకు న్యుమోనియా మళ్లీ మళ్లీ వస్తున్నా, బరువు పెరగకపోయినా పిల్లల డాక్టర్‌కి చూపించండి.