కామిక్ కాన్‌కు వేషం వేసుకునే వెళ్ళండి

అనంతపురం నుంచి మొదటిసారి బెంగళూరు కామిక్ కాన్‌కు, అంటే బొమ్మల కథల అభిమానుల జాతరకు వెళ్తున్నానని, నచ్చిన పాత్ర వేషం వేసుకుంటే నవ్వుతారేమోనని, అంత ఖర్చు దండగేమోనని మీరు అడిగారు. నిస్సందేహంగా వేషం వేసుకునే వెళ్ళండి. నవ్వేవాళ్ళు మన బస్టాండులో ఒకరిద్దరు ఉంటే ఉంటారు గానీ, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఆ జాతర జరిగే హాలు గేటు దాటాక మిమ్మల్ని వింతగా చూసేవాళ్ళెవరూ ఉండరు.

నేను మొదటిసారి మా నాయనతో వెళ్ళాను. ఆయన పాతూరులో దర్జీ. పౌరాణిక నాటకాలు జోరుగా ఆడిన రోజుల్లో రాజుల దుస్తులు, భుజకీర్తులు కుట్టిన మనిషి. నరుటో అనే జపాన్ బొమ్మల కథలో దుష్టముఠా తొడుక్కునే ఎర్ర మబ్బుల నల్ల అంగీని నాకు ఆయనే కుట్టిపెట్టారు. బజారులో దొరికే అంగీల మీద మబ్బులు అచ్చు వేసి ఉంటాయి. నాయన మాత్రం ఎర్ర గుడ్డను మబ్బుల ఆకారంలో కత్తిరించి, చుట్టూ తెల్ల అంచు వేసి, ఒక్కొక్కటిగా అతికి కుట్టారు. లోపలికి అడుగుపెట్టిన కాసేపటికే ఇద్దరు ముగ్గురు ఆ కుట్టును పట్టి చూసి, ఎక్కడ కుట్టించారని అడిగారు.

అసలు చెప్పవలసింది ఆ తర్వాత జరిగింది. ఏదో వీడియో గేములోని యోధుడి వేషంలో ఉన్న ఒక కుర్రవాడు గోడవారగా కూర్చుని, ఊడిపోయిన భుజకవచాన్ని టేపుతో అతికించుకుంటున్నాడు. నాయన తిన్నగా అతని దగ్గరికి వెళ్ళి, కవచం అడుగున వేలు పెట్టి తడిమి, "ఏమప్పా, ఇది దేంతో చేసినావు?" అని అడిగారు. "ఫోమ్ షీటు అంకుల్, హీట్ గన్‌తో వేడిచేసి వంచితే చల్లారినాక అట్నే నిలబడుతుంది" అన్నాడతను. అతనిది హిందూపురం వైపట. పట్టీని గమ్ముతోనే అంటించాడని తెలిసి, చెమట పడితే గమ్ము నిలవదని, కుట్టు వేయాలని నాయన చెప్పారు. ఉత్త ఫోమ్‌కు సూది గుచ్చితే దారం లాగినచోటల్లా చీలిపోతుంది కాబట్టి, ఆ అబ్బాయి సంచిలో ఉన్న మందపాటి గుడ్డముక్కను వెనక ఆనించి, గుడ్డనూ ఫోమ్‌నూ పట్టీనీ కలిపి కుట్టారు. కుడుతున్నంతసేపూ ఆ అబ్బాయి ఫోమ్‌కు రంగు పట్టాలంటే ముందు దాని రంధ్రాలను వేడితో ఎలా మూయాలో చెబుతుంటే, అట్టకు తగరం, అద్దపు బిళ్ళలు అతికి కిరీటాలు చేసిన మా నాయన తల పైకెత్తకుండా ప్రశ్న మీద ప్రశ్న వేశారు.

ఇదంతా విదేశీ పిచ్చి అనేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సదస్సుకు ఫారెస్ట్ ఎకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు అభిమానులు భవిష్యత్కాలపు దుస్తుల్లో వచ్చారు. ఆ దుస్తులు కుట్టింది డగ్లసే. అంటే ఈ సరదా మొదలైందే కుట్టుపనితో. పగటివేషగాళ్ళను, నాటకాల రాజులను చూస్తూ పెరిగిన మన సీమవాళ్ళకు అందులో పరాయితనం ఏముంది? 1947లో చందమామ పత్రికను మొదలుపెట్టినవారిలో ఒకరైన బి. నాగిరెడ్డి మన కడప జిల్లావారు. బొమ్మల కథల మీద ప్రేమ మనకు ఎవరో అరువిచ్చింది కాదు.

నా బాధల్లా ఒకటే. నేను వెళ్ళినప్పుడు తెలుగు బొమ్మల కథల బల్ల ఒక్కటి కూడా నా కంటపడలేదు. 2020 సంవత్సరపు పద్మశ్రీ పొందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారి ఊరు నిమ్మలకుంట మన ధర్మవరం పక్కనే ఉంది. అక్కడి తోలుబొమ్మలు ఆ హాలులో వేలాడితే జనం మూగకుండా ఉంటారా? కామిక్ కాన్‌లో ప్లాస్టిక్ బొమ్మలకు చెప్పే ధర వింటే గుండె గుభేలుమంటుంది. ఆ డబ్బును బొమ్మలు గీసి స్వయంగా అమ్ముకునే చిత్రకారుల బల్లల దగ్గర ఖర్చు పెట్టండి. వాళ్ళు సంతకం చేసి ఇస్తారు, గీత గురించి అడిగితే విసుక్కోకుండా చెబుతారు. అడగకుండా ఫొటో తీసేవాళ్ళు, వేషం మీద చెయ్యి వేసేవాళ్ళు తగిలితే మొహమాటపడకుండా వద్దని చెప్పండి.

బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో దిగితే పర్పుల్ లైన్ మెట్రో నేరుగా వైట్‌ఫీల్డ్ వైపు వెళ్తుంది. నిజమైన ఇనుప కత్తులు గేటు దగ్గరే ఆపేస్తారు కాబట్టి ఆయుధాన్ని అట్టతోనో ఫోమ్‌తోనో చేసుకోండి. సూది, దారం, పిన్నీసులు, గమ్ము, ఒక మందపాటి గుడ్డముక్క తప్పకుండా సంచిలో వేసుకోండి.