పాఠం ఒప్పజెబుతాడు, చదవలేడు

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్లు నిండాయి. ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు మీడియంలో మూడో తరగతి చదువుతున్నాడు. నోటిలెక్కలు చకచకా చేస్తాడు, ఒకసారి విన్న కథ మర్చిపోడు. పుస్తకం తెరిస్తే మాత్రం తెలుగైనా ఇంగ్లీషైనా కూడబలుక్కుంటాడు. డిక్టేషన్‌లో ఒత్తులన్నీ తప్పుతాడు. శ్రద్ధ లేదు, ట్యూషన్ పెట్టించమని స్కూల్లో అంటున్నారు. పెద్దయితే వాడికే వస్తుందని మా అత్తగారు అంటున్నారు. ఇది డిస్లెక్సియాయేనా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం పట్టుబడని లోపమా? స్కూలును నేనేం అడగాలి?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: వినిపిస్తే కథ మొత్తం తిరిగి చెప్పగల పిల్లవాడు, అదే కథను చదివి చెప్పలేకపోతుంటే దాన్ని శ్రద్ధాలోపమని తేల్చేయడం తొందరపాటే అవుతుంది. డిస్లెక్సియా అవునో కాదో ఉత్తరం చూసి చెప్పకూడదు గానీ, పరీక్ష జరిపించాల్సిన అవసరం స్పష్టంగా కనిపిస్తోంది. దయచేసి పెద్దయ్యేదాకా ఆగకండి. నాలుగో తరగతి నుంచి సైన్సు, సోషల్ కూడా చదివే నేర్చుకోవాలి గనుక, ఆగిన ప్రతి ఏడూ బాబు అన్ని సబ్జెక్టుల్లోనూ వెనకబడతాడు.

ముందు కళ్లు, చెవులు చూపించండి. చెవిలో నీరు చేరి సరిగా వినపడని పిల్లలకూ ‘ద’కూ ‘ధ’కూ తేడా పట్టుబడదు.

ఆ తరువాత పాఠశాల చేయాల్సింది స్క్రీనింగ్. ఇందులో ఎవరికీ ఏ పేరూ పెట్టరు, ఎవరిని ఇంకాస్త దగ్గరగా గమనించాలో తెలుసుకుంటారు. తరగతి టీచరే ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, అక్షరాలను ఎంత వేగంగా గుర్తుపడుతున్నారో, ‘పలక’లోంచి ‘ప’ తీసేస్తే ఏం మిగులుతుందో చెప్పగలరో లేదో, నిమిషంలో ఎన్ని మాటలు చదువుతున్నారో చూసి రాసుకుంటారు. ‘గుమిటె’ వంటి అర్థం లేని మాటలు కూడా చదివిస్తారు, ఎందుకంటే అక్కడ జ్ఞాపకశక్తి ఆదుకోదు. నా దగ్గరకు వచ్చిన ఒక రెండో తరగతి పాప వేలు పెట్టి మరీ పాఠం గడగడా చదివేది. పేజీలోని బొమ్మను అరచేత్తో మూసి, మధ్యలో ఒక మాట చూపించి ఇదేమిటమ్మా అని అడిగితే, మొదటి వాక్యం నుంచి లోలోపల ఒప్పజెప్పుకుంటూ వచ్చి ఆ మాట దగ్గర ఆగాలని ప్రయత్నించింది. పుస్తకమంతా కంఠస్థం చేసిన ఆ పాపను ఇంట్లో బద్ధకస్తురాలనేవారు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మన హైదరాబాదులో ఇంకో జాగ్రత్త అవసరం. ఇంట్లో తెలుగో ఉర్దూనో మాట్లాడే పిల్లవాడిని ఒక్క ఇంగ్లీషులోనే పరీక్షిస్తే, భాష అలవాటు లేకపోవడం కూడా చదువు లోపంలాగే కనిపిస్తుంది. తెలుగులో రాతకూ ఉచ్చారణకూ పొంతన ఎక్కువ గనుక, డిస్లెక్సియా ఉన్నవారిని తెలుగులో తప్పులకన్నా నెమ్మదిగా చదవడాన్ని బట్టే పోల్చుకోవచ్చు. ఇంగ్లీషులో తప్పులు కూడా ఎక్కువవుతాయి. రెండు భాషల్లోనూ చూడమని అడగండి.

సాయం మొదలుపెట్టడానికి ఏ ధ్రువపత్రమూ అక్కర్లేదు. వచ్చిన పాఠాన్నే మళ్లీ చెప్పే ట్యూషన్ వల్ల ఉపయోగం తక్కువ. శబ్దానికీ అక్షరానికీ ఉన్న లంకెను మొదటినుంచి, వరుసగా, రోజూ కాసేపు, చిన్న గుంపులో నేర్పాలి. అక్షరాన్ని పలుకుతూ ఇసుకలో వేలితో దిద్దించడం, ఒత్తును విడదీసి చూపించి మళ్లీ కలిపించడం వంటివి పనికొస్తాయి. తప్పిన మాటను యాభైసార్లు రాయించడం, అందరి ముందూ నిలబెట్టి చదివించడం ఆపమనండి. సైన్సు జవాబును నోటితో చెప్పనివ్వమనండి.

కొన్ని నెలలు ఇలా నేర్పినా కదలిక లేకపోతే క్లినికల్ సైకాలజిస్టు చేత పూర్తి పరీక్ష చేయించాలి. ధ్రువపత్రం పరీక్షల రాయితీలకు కావాలి. ఉదాహరణకు సీబీఎస్‌ఈలో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు దొరుకుతారు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియాతో కూడిన అభ్యసన లోపం కూడా ఒకటి. పిల్లల్లో దీన్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన అందించాలని ఆ చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. స్కూలుకు రాసే ఉత్తరంలో ఆ సెక్షన్ పేర్కొనండి, మర్యాదగానే.

ప్రశ్న: మా ప్రభుత్వ పాఠశాలలో మూడో తరగతిలో నలభై మంది ఉన్నారు. సగం మందికి చదవడం రాదు. వీరిలో డిస్లెక్సియా ఎవరికో ఎలా పోల్చుకోను?
– ఒక ఉపాధ్యాయిని, మల్కాజిగిరి

జవాబు: ఇప్పుడే పోల్చుకోనక్కర్లేదమ్మా. చాలామందికి సరిగ్గా నేర్చుకునే అవకాశం దొరకక చదువు రాలేదు. అక్షరాల దగ్గర ఆగినవారిని, గుణింతాల దగ్గర ఆగినవారిని వేరువేరుగా కూర్చోబెట్టి నేర్పండి, వారానికోసారి నిమిషం పాటు చదివించి చూడండి. ఎక్కువమంది ముందుకు కదులుతారు. అందరితోపాటు నేర్చుకున్నా కదలని ఇద్దరు ముగ్గురు మిగిలితే, వారిని పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం వచ్చినప్పుడు చూపించండి. అది పరిశీలించే 30 సమస్యల్లో అభ్యసన లోపం కూడా ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం దగ్గర్లో ఉంటే, అక్కడి రిసోర్సు పర్సన్‌తో కూడా మాట్లాడండి. పంపేటప్పుడు ఆ పిల్లలు ఏ మాట దగ్గర ఆగారో, దేన్ని ఏమని చదివారో తేదీలతో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. చూసేవారికి ‘చదవడం రాదు’ అన్న ముక్కకన్నా ఆ కాగితమే ఎక్కువ చెబుతుంది.