బోర్ల కాడ వైర్లు పోతున్నాయి, ఊరంతా కలిసి కెమెరాలు పెట్టిస్తే ఆగుతాయా?

మీ ఊళ్లో బోర్ల దగ్గర కేబుళ్లు, స్టార్టర్లు పోతున్నాయని, చందాలేసుకుని కెమెరాలు పెట్టిద్దామంటున్నారని రాశారు. పోలీసులతో కలిసి ఇలాంటి పని చేసినవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగారు. మాది నల్గొండ జిల్లాలో వాగు ఒడ్డు ఊరు. మేం చేశాం, మొదటిసారి మాత్రం తప్పుగా చేశాం.

మేమూ కెమెరాలతోనే మొదలుపెట్టాం. ఇంటికి ఐదు వందలు పోగుచేసి ఊరి మొదట్లో రెండు, బస్‌స్టాండ్ దగ్గర ఒకటి, గుడి ముందు ఒకటి పెట్టించాం. ఎస్సై గారొచ్చి రిబ్బన్ కట్ చేశారు, ఫొటోలు దిగాం. రెండు నెలలు తిరక్కముందే ఒకదాని వైరు కోతులు కొరికేశాయి, ఇంకోటి పిడుగుకు పోయింది. అన్నీ పనిచేసినా ఒరిగేదేం లేదనుకోండి. పొలానికొచ్చే దొంగ డాంబరు రోడ్డెక్కి ఎందుకొస్తాడు? వాగు దాటి డొంకలో పడి వస్తాడు. ఆ యాసంగిలోనే పదకొండు బోర్ల కేబుల్ కోసుకుపోయారు. బస్‌స్టాండ్ కెమెరా మాత్రం తర్వాత ఒక బండి యాక్సిడెంట్ కేసులో పనికొచ్చింది, ఆ మాట కూడా చెప్పాలి.

రాత్రిళ్లు పొలాల్లో మనిషి లేకపోవడమే అసలు చిక్కు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చారు. అంతకుముందు రాత్రి కరెంటు ఎప్పుడొస్తుందా అని పాముల భయంతోనే బావి కాడ పండుకునేవాళ్లం. ఆ బాధ తప్పింది. దాంతోపాటు కాపలా కూడా పోయింది.

మమ్మల్ని కదిలించింది మాత్రం ట్రాన్స్‌ఫార్మర్. వరి పొట్టమీదుండగా ఒక తెల్లవారి చూస్తే 25 కేవీఏది కింద పడేసి ఉంది. నూనె పారబోసి, లోపలి రాగి చుట్టలు లాక్కుపోయారు. దానికింద ఉన్న బోర్లన్నీ ఆగిపోయాయి. తన వైరు పోయినప్పుడు ఎవడి ఏడుపు వాడు ఏడ్చినవాళ్లంతా ఆ రోజు పంచాయతీ ఆఫీసుకొచ్చారు. సర్పంచ్, కార్యదర్శి, లైన్‌మన్, మా ఊరి బాధ్యత చూసే కానిస్టేబుల్ (మా దగ్గర వీపీఓ అంటారు), రైతులం కూర్చున్నాం.

ఆ మీటింగులో అక్కరకొచ్చే మాట లైన్‌మన్ నోట వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ దింపాలంటే ముందు స్విచ్ దించి సప్లై ఆపాలి, అది కరెంటు పని తెలిసినవాడికే చేతనవుతుంది అన్నాడు. అంటే ఫీడర్లో (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే పెద్ద లైన్లో) కరెంటుండి, ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కిందే పోయిందంటే అనుమానించాలి. మాలో కొందరికి సెల్‌ఫోన్ స్టార్టర్లున్నాయి, కరెంటు పోగానే ఫోనుకు మెసేజ్ వస్తుంది. రాత్రి మెసేజ్ వస్తే ముందు లైన్‌మన్‌కు కాల్, ఫీడర్ బాగుందని ఆయనంటే వెంటనే కానిస్టేబుల్‌కు, 100కు కాల్. ఇందులో పెద్ద మిషన్లేం లేవు. రాత్రి రెండింటికి ఫోనెత్తే ఇద్దరు మనుషులు కావాలి, అంతే. మా లైన్‌మన్ ఎత్తాడు. ఆయన బదిలీ అయ్యాక వచ్చినాయన మొదట్లో ఎత్తలేదు, ఆ రెండు నెలల్లో మళ్లీ మూడు స్టార్టర్లు పోయాయి.

రెండోది, దొంగ సొమ్ము ఎక్కడికి పోతుందో చూడటం. రాగి అమ్మాలంటే పైన ఉన్న రబ్బరు కాల్చాలి. గుట్ట కింద నల్ల బూడిద కుప్పను ముందు చూసింది మా గొర్ల కాపరి. పగలంతా గుట్టల్లో, వాగుల్లో తిరిగేది వాళ్లే, కానీ మీటింగుకు మేం పిలవనిదీ వాళ్లనే. ఎస్సై గారు మండలంలోని పాత సామాను దుకాణాల వాళ్లందరినీ పిలిపించి, కాల్చిన రాగి తెచ్చినవాడి ఆధార్ జిరాక్స్, ఫోన్‌లో ఫొటో లేకుండా కాంటా పెట్టొద్దని చెప్పారు. మూడు వారాలకు ఒక దుకాణందారే ఫోన్ చేశాడు. దొరికినవాళ్లిద్దరు. ఒకడు పక్కూరి మోటార్ మెకానిక్ దగ్గర పని నేర్చుకున్న పిల్లగాడు. పెద్దమనుషులు కూర్చుని జరిమానాతో తెంపేద్దామన్నారు. నేను, ఇంకో నలుగురం కేసే పెట్టాలన్నాం. ఇప్పటికీ పక్కూళ్లో నాతో మాట్లాడనివాళ్లున్నారు.

ఫిర్యాదు విషయంలో జాగ్రత్త. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టాల ప్రకారం 5,000 రూపాయల లోపు దొంగతనమైతే మెజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. రైతులు కోపంలో, తొందరలో "రెండు మూడు వేల వైరు" అని రాసిస్తారు. కొన్న బిల్లు వెతికి, అసలు విలువ ఎంతో అంత రాయండి. ట్రాన్స్‌ఫార్మర్ పోతే మీ ఫిర్యాదుతో ఊరుకోకుండా కరెంటు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్)తో కూడా ఇప్పించండి. 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షన్ కింద దానికి మూడేళ్ల దాకా జైలుంది.

గస్తీ గురించి కూడా చెప్పాలి, చెప్పుకోవడానికి సిగ్గయినా సరే. మా పిల్లలు కర్రలు పట్టుకుని తిరుగుతూ, వెంట్రుకలకు స్టీలు గిన్నెలిచ్చే అతన్ని పట్టుకున్నారు. బండి పంక్చరై చీకటిపడ్డదట పాపం. నేను పోయేసరికే రెండు దెబ్బలు పడ్డాయి. 2018 మేలో పిల్లలనెత్తుకుపోయే ముఠా దిగిందని వాట్సాప్‌లో పుకారు లేచి, తెలంగాణలో ఏ పాపం తెలియనివాళ్లను కొట్టి చంపిన సంగతి గుర్తొచ్చి కాళ్లు వణికాయి. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసుల్ని పంపి, డప్పు చాటింపులతో, పాటలతో అవి పుకార్లని చెప్పించారు. మేమూ మరునాడే చాటింపు వేయించాం: బండి నంబరు రాసుకో, ఫోన్ చెయ్యి, చెయ్యి మాత్రం వేయకు. కర్రలు మానిపించాం. దాంతో సగం మంది గస్తీకి రావడం మానేశారు, వాళ్లు రాకపోవడమే నయమైంది.

చందాలు ఇప్పటికే వసూలైతే కెమెరా ఒక్కటి కొని వాగు దాటేచోట, కోతులకు అందని స్తంభానికి పెట్టించండి. మిగిలిన డబ్బుతో ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ కింద ఒక రైతుకైనా సెల్‌ఫోన్ స్టార్టర్ ఇప్పించండి. మీ లైన్‌మన్ రాత్రి ఫోనెత్తుతాడా లేదా అన్నది మాత్రం చందాకు ముందే కనుక్కోండి.