రంగు వదిలెయ్, రేకులు లెక్కపెట్టు

ఒరేయ్ అల్లుడూ,

డల్లాస్ నుంచి నువ్వు పెట్టిన నీ అక్వేరియం పగడం ఫోటో చూశాన్రా, తీర్థంలో సీరియల్ లైట్లేసినట్టు అంతా నీలంగా మెరిసిపోతుంది గానీ పగడం ఎక్కడుందో నాకు తెలీలేదు. ఆ బ్లూ లైటు ఆపేసి తెల్ల లైటు పెట్టు, పంపు కట్టేసి నీళ్ళు కుదురుకున్నాక పక్కన స్కేలు ఆనించి తియ్యి.

షాపోడు దాన్ని గోనియోపోరా రకం పగడం అన్నాడని రాశావు, నీకేమో తేడాగా ఉందంటున్నావు, నీ డౌటే కరెక్టేమో. ఆ పువ్వులాంటి పాలిప్ ఉంది చూడు, అదే పగడంలోని ఒక్కో చిన్న జీవి, దాని చుట్టూ రేకుల్లాగా ఉన్న టెంటకిల్స్ లెక్కపెట్టు. 24 వస్తే గోనియోపోరా, 12 వస్తే దాన్ని పోలినదే ఆల్వియోపోరా అనే ఇంకో పగడం, అంతే. ఊగుతుంటాయి కాబట్టి కంటితో లెక్క తేలదు, వీడియో తీసి ఆపి చూడు, ఒక్కదాన్నే చూసి ఆగిపోకు, నాలుగైదు చూడు. కాలేజీలో పిల్లలకీ ఇదే చెప్పేవాణ్ణి, టైగర్ రొయ్యని చారలు చూసి చెప్పకండ్రా, తలమీద ముల్లుకి పైన ఏడో ఎనిమిదో పళ్ళుంటాయి అవి లెక్కపెట్టండి అని.

అంచున ఎక్కడైనా కండ పోయి తెల్లగా రాయిలాంటి ఎముక తేలితే అక్కడ లెన్సు పెట్టు, ఆల్వియోపోరా అయితే జల్లెడలా చిల్లులు చిల్లులుగా తేలిగ్గా ఉంటది. దానికోసమని బతికున్నదాన్ని గీకేవు సుమా!

నాకు లైవ్ ట్యాంకు అనుభవం లేదులే, ఇక్కడ రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి చట్టం రక్షణ జాబితా షెడ్యూల్ 1లో ఉన్నాయి, పైగా మన అంతర్వేది దగ్గర గోదారి బురదనీళ్ళలో పగడాల దిబ్బ ఎక్కడ పెరుగుద్ది. నేను నేర్చుకున్నదంతా కాలేజీ ల్యాబ్ బీరువాలో ఉన్న పగడాల పాత ఎముకల మీదే. అందులో ఒకదానికి ఫేవైటిస్ అనే పగడం పేరు చీటీ అంటించి ఏళ్ళ తరబడి అదే చెప్పాను, ఒకరోజు ఓ పిల్లాడు లేచి "గుంటకీ గుంటకీ మధ్య సందుంది కదండీ మాస్టారూ" అన్నాడు. నిజమే, పాలిప్‌లు కూర్చునే ఆ గుంటలకి ఫేవైటిస్‌లో ఉమ్మడి గోడ, ఫేవియా అనే ఇంకో పగడంలో ఎవరి గోడ వాళ్ళదే. తీరా చీటీ మార్చాక, మన వైపు సముద్రాల ఫేవియాల పేరు డిప్సాస్ట్రియా అని మార్చేశారు, మళ్ళీ చీటీ!

అందుకే నువ్వు జీనస్ పేరు, అంటే గోనియోపోరా లాంటి ముందు పేరు దాకా తేల్చుకో చాలు, ఆ వెనక వచ్చే స్పీషీస్ పేరు ఎండిన ఎముకని మైక్రోస్కోపు కింద పెడితేగానీ తేలదు.

లెక్క ఎంతొచ్చిందో ఆదివారం పొద్దున్న వాట్సాప్‌లో పెట్టు, వీడియో కూడా పంపు, నేనూ ఓసారి లెక్కపెడతా.

మీ మావయ్య
భీమవరం