రిస్క్ స్కోరు 1 శాతం లోపే ఉంది, ఇక భయం లేనట్టేనా?

చిన్న కోతతో మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే కవాటం) రిపేర్ చేయించుకుంటే తర్వాత ఏ ఇబ్బందులు వస్తాయో ముందే తెలుస్తుందా, స్కోరు తక్కువే వచ్చింది కదా అని అడిగారు. కొంతవరకు తెలుస్తుంది, కానీ స్కోరులో కాదు. గుండె ఆపరేషన్ల ముప్పు అంచనాకు వాడే ఈ స్కోరు, యూరోస్కోర్ 2, లెక్కగట్టేది ఆసుపత్రిలో ప్రాణం పోయే అవకాశాన్ని మాత్రమే. వయసు, కిడ్నీలు, గుండె పంపింగ్, ఊపిరితిత్తుల జబ్బు చూస్తుంది. వాల్వ్ రెక్క ఎంత పొడవుంది, తొడ ధమని ఎంత సన్నం, వాల్వ్ చుట్టూ ఉండే వలయంలో కాల్షియం ఉందా అని అడగదు. అవే గడులు నింపి నేర్పించిన ఏఐ మోడల్‌కైనా అంతకుమించి ఏం కనిపిస్తుంది?

'శామ్' (SAM) సంగతే చూడండి, అంటే గుండె ముడుచుకున్నప్పుడు వాల్వ్ ముందు రెక్క దారికి అడ్డంగా జరగడం. వాల్వ్‌కు ఆసరాగా రింగు కుట్టేశారు, నీళ్లు నింపి చూస్తే చుక్క కారట్లేదు. పంపు (గుండె పని చేసిపెట్టే హార్ట్-లంగ్ మెషిన్) నుంచి దించగానే బీపీ జారిపోతుంది. అలవాటుకొద్దీ అడ్రినలిన్ పెంచితే ఇంకా పడిపోతుంది. ఎకో చూస్తే ముందు రెక్క సెప్టమ్ (గుండె గదుల మధ్య గోడ) వైపు లాక్కుపోయి రక్తం బయటికెళ్లే దారికే అడ్డంపడి ఉంటుంది, వాల్వ్ మళ్లీ లీకు. అప్పుడు అడ్రినలిన్ ఆపి, ఫ్లూయిడ్ ఎక్కించి, ఎస్మోలాల్‌తో వేగం తగ్గించి, ఫినైలెఫ్రిన్‌తో బీపీ నిలబెట్టాలి. చాలామందికి దీంతోనే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే మళ్లీ పంపెక్కించి వెనక రెక్క ఎత్తు తగ్గించాల్సిందే.

దీని సూచనలు ఆపరేషన్‌కు ముందు గొంతులోంచి తీసే ఎకోలోనే ఉంటాయి: వెనక రెక్క 15 మి.మీ. దాటడం, రెక్కలు కలిసే చోటుకీ సెప్టమ్‌కీ మధ్య 25 మి.మీ. కంటే తక్కువ దూరం, ముందు రెక్క వెనకదానికి 1.3 రెట్లు మించకపోవడం. రిపోర్టులో ఈ కొలతలు లేకపోతే అడిగి రాయించుకోండి. అందరూ మచ్చ ఎన్ని సెంటీమీటర్లని అడుగుతారు, ఇది మాత్రం ఎవరూ అడగరు!

మెడ నుంచి తొడ దాకా సీటీ కూడా తప్పదు. చిన్న కోత ఆపరేషన్‌లో పంపు రక్తాన్ని తొడ ధమనిలోంచి ఎదురెక్కిస్తుంది కాబట్టి బృహద్ధమనిలో కొవ్వు పెచ్చులుంటే అవి మెదడుకు చేరొచ్చు. అలాంటప్పుడు చిన్న కోత పట్టుదల మానుకోవడమే మంచిది.

ఆపరేషన్ అయ్యాక మొదటి గంటల్లో కుడి ఊపిరితిత్తి ఎక్స్‌రే చూడాలి. ఆపరేషన్ కోసం అంతసేపు ముడిచి ఉంచినది తెరుచుకున్నాక నీరు పట్టి తెల్లబడొచ్చు. పంపు మీద సమయం పెరిగేకొద్దీ ఈ ముప్పు ఎక్కువ. గుండె లయ తప్పడం ఎక్కువగా 2 నుంచి 4 రోజుల మధ్య. గజ్జల్లో నీటివాపు మాత్రం ఎక్కువగా ఇంటికెళ్లాకే బయటపడుతుంది.