కమడోర్ 64 (1980ల నాటి హోమ్ కంప్యూటర్)లో నడుస్తున్న ప్రోగ్రామ్‌ను చెడగొట్టని స్క్రీన్ సేవర్ ఎలా రాయాలి?

బొమ్మలు గీయొద్దు, స్క్రీన్ మెమరీ పాడవుతుంది. తెరను ఆర్పితే చాలు.

కోడ్‌ను మెమరీ చిరునామా 49152 దగ్గర పెట్టండి. దాన్ని ఇంటరప్ట్ ద్వారా నడపాలి, అంటే ప్రాసెసర్ చేస్తున్న పనిని క్షణం ఆపి ఒక రొటీన్‌కు (చిన్న కోడ్ ముక్కకు) వెళ్లి వచ్చే ఏర్పాటు. ఎస్‌ఈఐ (ఇంటరప్ట్‌లను ఆపే ఆదేశం) ఇచ్చి, 788, 789లలో ఉన్న పాత ఇంటరప్ట్ రొటీన్ చిరునామా దాచుకుని, మీ రొటీన్ చిరునామా రాసి, సీఎల్‌ఐ (ఇంటరప్ట్‌లను మళ్లీ అనుమతించే ఆదేశం) ఇవ్వండి. ఎస్‌ఈఐ మరిస్తే సగం మారిన చిరునామాకు దూకి మెషిన్ బిగుసుకుపోవచ్చు. ఇంటరప్ట్ సెకనుకు 60 సార్లు వస్తుంది కాబట్టి 5 నిమిషాలంటే 18000. ప్రతి ఇంటరప్ట్‌కు ఒకటి పెరిగే కౌంటర్ అక్కడికి చేరితే తెర ఆర్పండి; దానికి రెండు బైట్లు కావాలి. 197లో 64 కాక వేరే విలువ ఉంటే కీ నొక్కినట్టే, కౌంటర్ సున్నా చేసి, తెర ఆరి ఉంటే వెలిగించండి.

ఆర్పడానికి తెరను నియంత్రించే 53265ను చదివి 111తో ఆండ్ (బిట్ల వారీగా) చేసి తిరిగి రాయండి. మామూలుగా వాడే 239 ఇక్కడ ప్రమాదం: చదివినప్పుడు 7వ బిట్‌లో ఆ క్షణపు రాస్టర్ గీత (తెర మీద అప్పుడు గీస్తున్న గీత) సంఖ్యలోని అన్నిటికంటే పై బిట్ ఉంటుంది, దాన్నే తిరిగి రాస్తే రాస్టర్ ఇంటరప్ట్ (ఫలానా గీత దగ్గర వచ్చే ఇంటరప్ట్) తప్పు గీత మీద పడవచ్చు. వెలిగించడానికి 127తో ఆండ్, 16తో ఆర్. ఆరిన తెరంతా బోర్డర్ రంగే కనిపిస్తుంది, అందుకే 53280లోని రంగు దాచి 0 వేయండి. రొటీన్ చివర పాత చిరునామాకే జంప్ చేయాలి, లేకపోతే కీబోర్డు పనిచేయదు.